కర్నూలులో పెల్విక్ ఫ్లోర్ ఫిజియోథెరపీ: మొదటి సిట్టింగ్‌లో ఏం చూసుకోవాలి

దగ్గినా, తుమ్మినా, నీళ్ల బిందె ఎత్తినా రెండు చుక్కలు పడిపోతాయి. ఒంటికి వచ్చిందంటే బాత్‌రూమ్ దాకా ఆగదు. సాయంత్రమయ్యేసరికి కింద ఏదో జారినట్టు బరువు. గ్యాసు ఆగదు, ముక్కితే గానీ విరేచనం కాదు, కలయికలో నొప్పి. కాన్పయి ఆరు వారాలు దాటినా వీటిలో ఒక్కటి ఉన్నా పెల్విక్ ఫ్లోర్ (మూత్రసంచిని, గర్భసంచిని, మలాశయాన్ని కింద నుంచి మోసే కండరం) చూసే ఫిజియోథెరపిస్టుకు చూపించుకోవాలి. "పిల్లలు పుట్టాక ఇంతేలే" అన్న మాట నమ్మొద్దు. ప్రొస్టేట్ ఆపరేషన్ తర్వాత మూత్రం కారే మగవాళ్లకూ ఇదే థెరపీ.

మంచి ఫిజియో మొదటి సిట్టింగ్‌లో కండరాన్ని కరెంటుతో బిగించే మిషన్ జోలికి పోరు. కాన్పులు, ఆపరేషన్లు, మలబద్ధకం గురించి అడుగుతారు. ఇన్ఫెక్షన్ ఉందేమోనని మూత్ర పరీక్ష చేయించారా అని చూస్తారు. ఎంత తాగారు, ఎన్నిసార్లు వెళ్లారు, ఎప్పుడు కారింది అని మూడు రోజులు రాసుకు రమ్మంటారు. తర్వాత, మీరు సరేనంటేనే, గ్లౌజు వేసుకుని వేలితో లోపలి కండరం పట్టు చూస్తారు. వద్దనే హక్కు మీకుంది. తలుపు వేయని గదిలో ఈ పరీక్ష అంటే లేచి వచ్చేయండి.

ఈ పరీక్ష ఎందుకంటే, అందరి కండరమూ వదులుగా ఉండదు. బిగుసుకుపోయి నొప్పి పెట్టేవాళ్లు కెగెల్ (ఈ కండరాన్ని బిగించి వదిలే వ్యాయామం) చేస్తే నొప్పి ఇంకా పెరుగుతుంది. వాళ్లకు ముందు వదలడం నేర్పాలి. చూడకుండానే అందరికీ ఒకే వ్యాయామాల కాగితం ఇచ్చే చోటుకు మేము మార్కులు వేయం. కరెంటు మిషన్ కూడా అంతే. కండరాన్ని అసలు బిగించలేనివాళ్లకు పనికొస్తుంది గానీ, అందరికీ అవసరం లేదు.

వదులైన కండరానికి వ్యాయామం ఇలా. గ్యాసునూ మూత్రాన్నీ ఒకేసారి ఆపుతున్నట్టు లోపలికి, పైకి లాగాలి. ఆగగలిగినన్ని సెకన్లు, మెల్లగా పది దాకా, పట్టి ఉంచి అంతసేపూ పూర్తిగా వదలాలి. ఎనిమిదిసార్లు, రోజుకు మూడు పూటలు, కనీసం మూడు నెలలు. చాలామంది ఊపిరి బిగబట్టి, పిరుదులు బిగించి, పొట్టను కిందికి తోస్తారు. అప్పుడు మేలు జరగదు సరికదా, కిందికి ఒత్తిడి పడుతుంది. మూత్రం పోస్తూ మధ్యలో ఆపడం వ్యాయామం కాదు, అలవాటు చేసుకోవద్దు.

ఆదోని, ఎమ్మిగనూరు నుంచి బస్సెక్కి వచ్చేవాళ్లు రోజూ రావాలంటే ఒప్పుకోవద్దు. పని ఇంట్లో జరగాలి, సరిగా చేస్తున్నారో లేదో చూడటానికి అప్పుడప్పుడు వస్తే చాలు. ఆ ప్లాను ముందే అడగండి.

ఇంకొకటి, నీళ్లు. కారుతుందని నలభై డిగ్రీలు దాటే మన ఎండల్లో కూడా గొంతు తడుపుకోకుండా ఉండే ఆడవాళ్లున్నారు. చిక్కబడ్డ మూత్రం మూత్రసంచిని రెచ్చగొడుతుంది, మలం గట్టిపడుతుంది, ముక్కుడు ఎక్కువై అదే కండరం ఇంకా సాగుతుంది.

మూత్రంలో రక్తం కనబడితే ముందు డాక్టరు దగ్గరికి. నడుంనొప్పితో పాటు తొడల మధ్య స్పర్శ పోయినా, కాళ్లు బలహీనమైనా, ఒక్కసారిగా మూత్రం బంద్ అయినా సిట్టింగ్ తేదీ కోసం ఆగకండి, రాత్రయినా సరే వెంటనే పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి వెళ్లండి.