తిరుపతిలో పాటకి పైసా అడగలేదు, తాళానికి 900 తీసుకున్నారు

రాత్రిపూట తిరుపతి బస్టాండు బయట "రూమ్ కావాలా సార్, 24 గంటల చెకౌట్, ఏసీ, గీజర్" అంటూ మీ సంచి పట్టుకోబోయే మనిషి కనిపిస్తే ఆగకండి. ముందు ఆ ముక్క చెప్పాలనే రాయడం మొదలుపెట్టాను. పాటల గురించి కూడా చెప్తాను, వెళ్లింది వాటికోసమే, కానీ ఈ కోపం కాస్త దిగితే తప్ప వాటి సంగతి సరిగ్గా రాయలేను.

మేం వెళ్లింది దర్శనానికి కాదు. అన్నమయ్య 1503లో ఫాల్గుణ బహుళ ద్వాదశి నాడు కన్నుమూశారు. ఏటా ఆ తిథి చుట్టూ తిరుపతిలో, తిరుమలలో, ఆయన సొంతూరు తాళ్లపాకలో వర్ధంతి ఉత్సవాలు జరుగుతాయి. అలిపిరిలో తెల్లవారుజామున మెట్లోత్సవం, అన్నమాచార్య కళామందిరంలో సప్తగిరి సంకీర్తనలనే ఏడు కీర్తనల గోష్ఠిగానం, అంటే అందరూ కలిసి పాడడం, సాయంత్రాలు కచేరీలు. దేనికీ టికెట్ లేదు. మా అక్క ఒంగోల్లో ఆదివారాలు కీర్తనల క్లాసుకి వెళ్తుంది, ఏడు కీర్తనలూ కష్టపడి నేర్చుకుంది, వందమంది మధ్యలో కూర్చుని ఒక్కసారైనా పాడాలని పట్టుబట్టింది. నేను తోడు. బావగారు అయిష్టంగా బయల్దేరారు. "తిరుపతి దాకా వెళ్లి కొండెక్కకుండా వస్తే ఊళ్లో ఏం చెప్పమంటావమ్మా" అని నన్ను అడిగారు, అక్కని అడిగే ధైర్యం లేక. 300 రూపాయల దర్శనం టికెట్లు ఆ తేదీలకి ఎప్పుడో అయిపోయాయి. ఆయన ముఖం నెల్లూరు దాటేవరకు అలాగే ఉంది.

దిగేసరికి రాత్రి తొమ్మిది దాటింది. రద్దీ ఉందని అనుకోలేదు గానీ ఉంది, తిరుపతిలో రద్దీ లేని రోజు చూసినవాళ్లెవరైనా ఉన్నారా అసలు. ఆ మనిషి తీసుకెళ్లిన లాడ్జిలో ముగ్గురికి గది 1,800 అన్నారు, అదనపు పరుపుకి 300, పన్ను అని ఇంకో 200. పన్ను అంత గుండ్రంగా 200 ఎలా వస్తుందో, బిల్లు ఏదో అని అడిగితే "పొద్దున ఇస్తాం సార్, ప్రింటర్ పనిచేయట్లేదు" అన్నాడు కౌంటర్లో కుర్రాడు. ఏసీ రిమోట్ ఇవ్వడానికి 500 డిపాజిట్. ఆ రిమోట్‌లో బ్యాటరీలు లేవు. బ్యాటరీలకి 40. గదికి కిటికీ ఉంది, తెరిస్తే చెయ్యి చాచినంత దూరంలో పక్క బిల్డింగు గోడ, మధ్యలో పైపులు. గీజర్ ఉంది, స్విచ్ కింద వాళ్ల దగ్గర ఉంటుందట, వేడినీళ్లు ఐదు నుంచి ఏడు దాకా మాత్రమే. మేం నాలుగున్నరకే బయల్దేరాలి. చన్నీళ్లతో కానిచ్చాం, మార్చి నెల కాబట్టి సరిపోయింది.

ఇదంతా తిరుపతిలో మామూలే అని మీరు అనచ్చు, మేమూ అదే అనుకుని సర్దుకున్నాం. అసలు కథ మర్నాడు. అలిపిరి నుంచి తిరిగొచ్చేసరికి తొమ్మిదిన్నర, మా తాళం పక్కన ఇంకో తాళం వేలాడుతోంది. పెద్దది, ఇత్తడిది. లోపల బావగారి బీపీ మాత్రలు, అక్క పట్టుచీర, నా ఫోను ఛార్జరు. కిందికి దిగి అడిగితే రాత్రి కుర్రాడు లేడు, ఇంకొకాయన కూర్చుని ఉన్నాడు, విభూతి రేఖలు, చాలా మర్యాదగా మాట్లాడాడు. "24 గంటలే సార్. కాకపోతే మా రోజు పొద్దున ఆరింటికి మొదలవుతుంది. మీకు ఆరింటితో ఒక రోజు అయిపోయింది, ఇప్పుడు రెండో రోజు నడుస్తోంది." అంటే రాత్రి తొమ్మిదికి దిగినవాడికి 24 గంటలంటే తొమ్మిది గంటలన్నమాట. అక్క గొంతు పెంచింది. ఆయన ఏమాత్రం తడబడకుండా "అమ్మా, తిథి మాత్రం సూర్యోదయం నుంచి లెక్కపెట్టరా" అన్నాడు. ఇంత చక్కటి వాదన విని మా బావగారు ఒక క్షణం ఒప్పుకున్నట్టే తలూపారు, అక్క చూసిన చూపుకి సర్దుకున్నారు.

ఇంకో 1,800 అడిగాడు. రూల్సు గోడ మీద రాసి ఉందన్నాడు. నిజమే, రాసి ఉంది, లిఫ్టు పక్కన, క్యాలెండరు వెనకాల. అరగంట వాదించాం, వినియోగదారుల ఫోరం పేరెత్తాం, ఫోనులో వీడియో తీస్తానన్నాను, చివరికి 900 దగ్గర తెగింది. రిమోట్ డిపాజిట్‌లో 50 పట్టుకున్నాడు, వెనక మూత లేదట. మూత మేం చూసిన పాపాన పోలేదు. బిల్లు మాత్రం ఇవ్వలేదు. తాళం తీసిన పిల్లాడు వెళ్తూ వెళ్తూ "టీ తాగుతారా సార్" అని చెయ్యి చాపాడు.

కాబట్టి తిరుపతిలో గది తీసుకునేటప్పుడు మీ చెకౌట్ ఏ తేదీన, ఎన్ని గంటలకి అన్నది రసీదు మీద రాయించుకోండి. రాయనంటే లేచి వచ్చేయండి. కుటుంబంతో వెళ్తే దేవస్థానం వసతి సముదాయాలు శ్రీనివాసం (బస్టాండు ఎదురుగా), విష్ణునివాసం (రైల్వేస్టేషను ఎదురుగా) ముందే ఆన్‌లైన్‌లో ప్రయత్నించండి, దొరక్కపోతే సత్రాలు. మేం ఆ తర్వాత దిగింది అలాంటి ఒక సత్రంలోనే. 700 రూపాయలు, ఏసీ లేదు, ఫ్యాను గట్టిగా తిరుగుతుంది, దుప్పట్లు ఉతికినవి, కౌంటర్లో పెద్దాయన అడక్కుండానే రసీదు రాసిచ్చి తేదీ, టైము రెండూ చదివి వినిపించారు. కిటికీ తెరిస్తే వేపచెట్టు, కొత్త చిగుళ్లు, పూత వాసన. గేటు రాత్రి పదిన్నరకి మూసేస్తారు, కచేరీ ఆలస్యమైతే ఇబ్బంది, వాచ్‌మన్‌కి ముందే చెప్పుకోవాలి.

ఇక పాట. మెట్లోత్సవం గురించి నాకు పెద్ద ఆశలు లేవు, ఏదో పూజ, ఉపన్యాసం ఉంటాయనుకున్నా. ఆ వేళకి ఆటోవాడు 250 అన్నాడు, పగలైతే షేర్ ఆటోలో మనిషికి 20కే వెళ్లే దూరం. పాదాల మండపం దగ్గరికి చేరేసరికి ఇంకా చీకటే. ఎక్కడెక్కడి ఊళ్లనుంచో వచ్చిన భజన మండళ్లు, ఒక్కో ఊరివాళ్లు ఒక్కో రంగు చీర, చేతుల్లో చిడతలు, తంబురలు, ఒకాయన హార్మోనియం మెళ్లో వేలాడేసుకుని. మొదటి మెట్టుకి పసుపు రాసి హారతి ఇచ్చారు, అంతే, ఎవరో అందుకున్నారు, నాలుగువైపుల నుంచి గొంతులు కలిశాయి. అక్కడ మైకు అవసరమే లేదనిపించింది. చిన్నపిల్లాడిగా ఇల్లు వదిలి వచ్చిన అన్నమయ్య చెప్పులతో కొండెక్కబోయి అలసి నిద్రపోతే అలమేలుమంగ కనిపించి చెప్పులు తీసి ఎక్కమందని కథ చెప్తారు కదా, ఆ కథ పుట్టిన దారి ఇదే. కొందరు పాడుకుంటూ 3,550 మెట్లూ ఎక్కడానికి బయల్దేరారు. బావగారు వాళ్లవైపు చూసి, తన మోకాళ్లవైపు చూసుకుని, "కాసేపు ఉందాంలే" అన్నారు. తిరుపతి వచ్చాక ఆయన నోట వచ్చిన మొదటి మంచి మాట.

గోష్ఠిగానం రోజు అక్కకి టెన్షన్. ముందు వరసలో కూర్చుంటే తప్పు పాడితే వినిపిస్తుంది, వెనక కూర్చుంటే వచ్చిన ఫలితం లేదు. మధ్యలో కూర్చుంది. వేదిక మీద గాయకులు వరసలుగా, వయొలిన్లు, మృదంగాలు, కింద మాలాంటివాళ్లం. శుద్ధధన్యాసి రాగంలో "భావములోన" కీర్తన మొదలైంది, పల్లవి రెండోసారి వచ్చేసరికి హాలంతా పాడుతోంది. నాకు పాట రాదు, నేను కూడా పెదాలు కదిపాను. మధ్యలో ఒక కీర్తన చరణంలో అక్క నేర్చుకున్న సంగతి (పంక్తిని తిప్పి పాడే తీరు) ఒకటి, వాళ్లు పాడేది ఇంకొకటి. ఠక్కున ఆగిపోయింది. పక్కనున్న మదనపల్లె పెద్దావిడ తాళం వేస్తూనే ఇటు వంగి "రాగిరేకుల్లో రాగం పేరే ఉంది గానీ స్వరం లేదు కదమ్మా, ఎవరి గురువు నేర్పినట్టు వాళ్లు పాడతారు, నువ్వు కానీ" అంది. ఆ మాట నిజమే. రాగిరేకులంటే అన్నమయ్య సంకీర్తనలు చెక్కి దాచిన రాగి పలకలు. ఆయన 32,000 సంకీర్తనలు రాశారని ప్రతీతి, దొరికినవి 12,000కి పైనే, వాటిలో మనం ఇవాళ వింటున్న బాణీలు చాలావరకు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి లాంటివాళ్లు ఇరవయ్యో శతాబ్దంలో కట్టినవే. అక్క మళ్లీ అందుకుంది, ఈసారి ఆవిడ పక్క నుంచి వదిలేలా లేదు, చరణం చరణానికీ మోకాలి మీద తట్టి మరీ పాడించింది. అయిపోయాక ఇద్దరూ ఫోను నంబర్లు ఇచ్చిపుచ్చుకున్నారు. ఇప్పుడు రోజూ వాట్సాప్‌లో ఆడియోలు వస్తున్నాయి, మా అక్క ఇంట్లో వంట ఆలస్యమవుతోందని కంప్లయింట్ కూడా వచ్చింది.

సాయంత్రం కచేరీకి హాలు సగం కూడా నిండలేదు. ఇంత జనం తిరిగే ఊళ్లో, ఇంత మంచి గాత్రం, ఫ్రీగా. ఆటోడ్రైవర్లకి తెలీదు, మా లాడ్జివాళ్లకైతే తెలిసే ప్రశ్నే లేదు, "సంగీతమా, ఏ సినిమా వాళ్లు వచ్చారు" అని అడిగారు. మా ముందు వరసలో యూనిఫారంలో ఇద్దరు కానిస్టేబుళ్లు, డ్యూటీ మధ్యలో వచ్చినట్టున్నారు, ఆలాపన మొదలైనప్పటినుంచి రాగం ఏమిటని గుసగుసగా పందెం. ఒకాయన హిందోళం అంటాడు, రెండో ఆయన కాదు జయంతశ్రీ అంటాడు. తేలకముందే ఫోనొచ్చి వెళ్లిపోయారు. వెనకాల ఎవరిదో ఫోను సినిమా పాటతో మూడుసార్లు మోగింది, ఆ మనిషి తీసి "కచేరీలో ఉన్నా" అని కచేరీ కంటే గట్టిగా చెప్పాడు. అలాంటివాళ్లని బయట చెప్పుల దగ్గర కూర్చోబెట్టాలి. కాని మృదంగం తని (మృదంగం ఒక్కటే వాయించే భాగం) మొదలయ్యాక నేను అవన్నీ మర్చిపోయాను.

ఆ కచేరీకి బావగారు రాలేదు. ముందురోజు అర్ధరాత్రి మాకు చెప్పకుండా శ్రీనివాసం దగ్గర క్యూలో నిలబడి సర్వదర్శనం టోకెను సంపాదించుకున్నారు, ఒక్కరే కొండెక్కి, మర్నాడు పొద్దున గుండుతో, లడ్డూల సంచితో, వెలిగిపోతూ దిగారు. లడ్డూ 50, ఎన్ని కొన్నారో అక్కకి ఇంతవరకు చెప్పలేదు. "గుళ్లో హుండీ ఎదురుగా సంకీర్తనా భాండాగారం ఉంటుంది, రాగిరేకులు దాచిన గది, చూశారా" అని అక్క ఆత్రంగా అడిగితే "హుండీ దగ్గర నా ధ్యాసంతా జేబు మీద ఉంది" అన్నారు. అక్కడినుంచి ఆయన మూడ్ బాగుంది, మా అందరికీ బాగుంది.

తాళ్లపాక కూడా చూసొచ్చాం, బస్సులో రాజంపేట దిగి ఆటో. చెన్నకేశవస్వామి గుడి ప్రశాంతంగా ఉంది, రోడ్డు పక్కన 108 అడుగుల అన్నమయ్య విగ్రహం దగ్గర నీడ లేదు, పదకొండు లోపే వెళ్లండి. రాజంపేటలో తోపుడుబండి మీద తిన్న ఎర్రకారం దోశ 40 రూపాయలు, పైన పప్పులపొడి, పక్కన నీళ్ల చట్నీ కాదు, గట్టి శనగపప్పు చట్నీ. తిరుపతిలో 90 పెట్టి తిన్న నెయ్యి దోశ దీని ముందు దండగ. బావగారు రెండు తిని మూడోది పార్సెల్ అడిగారు, కారం దోశ పార్సెల్ కట్టనని బండి ఆవిడే ఒప్పుకోలేదు, మెత్తబడితే తన పేరు పోతుందంది.

వెళ్లాలనుకునేవాళ్లకి ఒక్కటే ఇబ్బంది. ద్వాదశి అయిన నాలుగోరోజుకల్లా ఉగాది. రైళ్లు, బస్సులు పండక్కి ఊళ్లకి వెళ్లేవాళ్లతో నిండిపోతాయి. మాకు తిరుగు ప్రయాణంలో రెండు బెర్తులే ఖాయమయ్యాయి, గూడూరు దాకా ముగ్గురం వాటి మీదే సర్దుకున్నాం. పంచాంగం చూసి తేదీ తెలుసుకుని, రిజర్వేషను తెరిచిన రోజే రానూపోనూ టికెట్లు చేసుకోండి, గది సంగతి ఆ తర్వాత.