వరదలో తలదాచుకున్న బడి: ఐదుకి మూడున్నర

2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు మమ్మల్ని పడవలో తెచ్చి ఒక ప్రభుత్వ బడిలో దించారు. బెంచీలు వరండాలోకి నెట్టేసి, ఐదో తరగతి గదిలో మూడు కుటుంబాల వాళ్లం సర్దుకున్నాం. పక్కా స్లాబు, తిరిగే ఫ్యాను. ఆ పరిస్థితిలో ఇంకేం కావాలి? ఉన్న ఒక్క ప్లగ్గు దగ్గర ఫోన్లకు వంతులు, అదో టెన్షన్. తిండికి లోటు లేదు. కాకపోతే మూడు పూటలా పులిహోరే అంటే మా అత్తయ్య మొహం చూడాల్సిందే.

అసలు ఇబ్బంది స్నానాలు. బడిలో మరుగుదొడ్లుంటాయి గానీ స్నానాల గది ఉండదు కదా! చీర అడ్డం కట్టుకుని కానిచ్చాం. కుళాయిలు చిన్నపిల్లల ఎత్తుకి పెట్టినవి, వాటి కింద బకెట్ పట్టదు. చెంబుతో పట్టి నింపుకోవాలి. దొడ్లేమో మైదానానికి అవతల, చీకట్లో. రాత్రిళ్లు ఆడవాళ్లం ఇద్దరిద్దరం కలిసి వెళ్లేవాళ్లం.

మధ్యాహ్న భోజనం వండే ఆవిడ మాత్రం తెల్లారకుండానే వచ్చి, మా గదిలోని బాలింతకి వేడినీళ్లు కాచిచ్చేది. ఆ అర మార్కు ఆవిడదే. దొడ్ల దగ్గరొక బల్బు, నాలుగు రేకులతో స్నానానికి చాటు ఉంటే నాలుగున్నర వేసేదాన్ని.