బీబీఏ ఫీజు కట్టే ముందు కాలేజీ ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపుకు వెళ్లండి

ఇంటర్ రిజల్ట్ వచ్చిన మర్నాటి నుంచే ఫోన్లు మొదలవుతాయి. "సార్, మీ పాపకు బీబీఏ బిజినెస్ అనలిటిక్స్‌లో సీటుంది, ఈ రోజు కడితే పది వేలు తగ్గిస్తాం" అంటారు. మూడేళ్ల కింద నేను ఆ మాటకే పడి మా అమ్మాయిని బీబీఏలో, అంటే బిజినెస్ మేనేజ్‌మెంట్ డిగ్రీలో చేర్చాను. సూర్యాపేటలో మాది ఎరువులు, పురుగుమందుల దుకాణం. కాలేజీ హైదరాబాద్ శివారులో. ఏడాదికి ఫీజు లక్షా పది వేలు, హాస్టల్ 90 వేలు. మూడేళ్లకు 6 లక్షలు. కాలేజీ పేరు రాయడం లేదు. ఇలాంటిది అదొక్కటే కాదు, గుర్తుపట్టే పద్ధతి చెబితే మీకు ఎక్కువ పనికొస్తుంది.

అమ్మాయికి 8.7 సీజీపీఏ. దుకాణానికి వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పుకున్నాను. అనుమానం రావాల్సింది అక్కడే. రాలేదు.

మొన్న మే నెలలో ఒక కంపెనీ వాళ్లు లక్ష రూపాయల మందుల మీద ఆఫర్ పెట్టారు. నగదు కడితే 4 శాతం తగ్గింపు, లేదంటే 45 రోజుల అరువు. చేతిలో డబ్బు లేదు, బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి దొరుకుతుంది. తెచ్చి కట్టాలా, అరువు పెట్టాలా? అమ్మాయి పక్కనే ఉంటే అడిగాను. ఫైనాన్షియల్ మేనేజ్‌మెంట్‌లో ఆమెకు 'ఓ' గ్రేడు, అంటే అన్నిటికంటే పై గ్రేడు. కాసేపు కాగితం చూసి, "డాడీ, దీనికి ఏ ఫార్ములా?" అంది. ఏడో తరగతితో ఆపేసిన మా గుమాస్తా బిల్లు వెనక లెక్క రాశాడు: 96 వేలు తెస్తే నెలన్నరకు వడ్డీ 2,880, తగ్గేది 4,000, మనకు మిగిలేది 1,120. పిల్ల ముఖం వాడిపోయింది. అతని ముందు అడగకుండా ఉండాల్సింది.

ఆ రాత్రి అన్నీ చెప్పింది. పరీక్షకు రెండు వారాల ముందు వాట్సాప్ గ్రూపులో పన్నెండు ఇంపార్టెంట్ ప్రశ్నలు పెడతారట. పేపర్ వాటిలోంచే వస్తుందట. అకౌంట్స్ ప్రాబ్లమ్స్ కూడా క్లాసులో చేసినవే, అంకెలు కూడా మార్చకుండా. మేనేజ్‌మెంట్ గురించి ఫయోల్ అనే ఆయన చెప్పిన 14 సూత్రాలు మూడు సబ్జెక్టుల్లో మూడు సార్లు రాసిందట. అకౌంట్స్‌కు మూడేళ్లలో నలుగురు మారారు. చివరగా వచ్చిన మేడమ్ పొద్దున మార్కెటింగ్, మధ్యాహ్నం స్టాటిస్టిక్స్ కూడా చెప్పేది. పాపం ఆవిడను అని లాభం లేదు, ఇచ్చే జీతం అలాంటిది.

ఇక ప్రాజెక్టు, అంటే పిల్లలు ఒక కంపెనీ మీద సొంతంగా రాయాల్సిన రిపోర్టు. మెమో కోసం కాలేజీకి వెళ్లినప్పుడు నేనే కళ్లారా చూశాను. గేటు ఎదురుగా జిరాక్స్ షాపు, అద్దం మీద 'ప్రాజెక్టులు చేయబడును' అని స్టిక్కర్. ముందు నిలబడ్డ అబ్బాయిని షాపతను అడిగాడు: "వర్కింగ్ క్యాపిటలా, రేషియో అనాలిసిసా?" అబ్బాయి, "ఏది తక్కువ పేజీలుంటే అది అన్నా" అన్నాడు. కంప్యూటర్లో కంపెనీ పేరు మార్చి, కాలేజీ పేరు మార్చి, బంగారు అక్షరాల అట్ట వేసి పావుగంటలో ఇచ్చేశాడు. పక్కనున్న ఒక కాపీ తిరగేస్తే అట్ట మీద సిమెంట్ కంపెనీ పేరు, లోపల నలభయ్యో పేజీలో 'పాల సేకరణ కేంద్రాలు' అని ఉంది. దానికీ మార్కులు పడతాయి!

ఫ్లెక్సీ మీద 'ఏఐసీటీఈ అప్రూవ్డ్' అని ఉంటే పొంగిపోకండి. ఏఐసీటీఈ అంటే కేంద్రం కింద ఉండే సాంకేతిక విద్యా మండలి, 2024-25 నుంచి బీబీఏ, బీసీఏలు కూడా దాని కిందికి వచ్చాయి. ఆ అనుమతి సీట్లు, గదులు, అధ్యాపకుల సంఖ్య లాంటివి చూసి ఇచ్చేది. మీ పిల్లల పేపర్ ఎలా దిద్దుతున్నారో అది చెప్పదు. 'అటానమస్' అన్నా అంతే, పేపర్ పెట్టేదీ దిద్దించేదీ కాలేజీయే, పట్టా మీద పేరు యూనివర్సిటీది. నిజాయితీగా నడిపితే అది మంచి ఏర్పాటే, కాదనను.

రెండో ఏడాదిలోనే అమ్మాయి మానేస్తానంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వాలంటే మూడో ఏడాది ఫీజు కూడా కట్టమన్నారు కాలేజీవాళ్లు. టెన్షన్‌లో ఊరుకున్నాం. ఒరిజినల్స్ కాలేజీ దగ్గర పెట్టుకోకూడదని యూనివర్సిటీలను పర్యవేక్షించే యూజీసీ 2018లోనే చెప్పిందని తర్వాత తెలిసింది.

కాబట్టి భవనం చూసి రాకండి. గత రెండేళ్ల అకౌంట్స్ పేపర్లు అడిగి పక్కపక్కన పెట్టండి. ప్రశ్నలు అవే ఉంటే లేచి వచ్చేయండి. అకౌంట్స్ చెప్పే సారు ఎన్నేళ్ల నుంచి ఉన్నారో కనుక్కోండి. ప్లేస్‌మెంట్ ఫొటోల్లో ఉన్న పిల్లలు ఏం పని చేస్తున్నారో అడగండి. మాకు చూపించిన 'బ్యాంకింగ్ జాబ్' క్రెడిట్ కార్డులు అమ్మడం. థర్డ్ ఇయర్ పిల్లలతో క్యాంటీన్‌లో, స్టాఫ్ లేనప్పుడు మాట్లాడండి. బీబీఏ చెడ్డదని కాదు, గట్టిగా చెప్పే చోట చదివిన పిల్లలు బాగానే ఉన్నారు. మా పక్క వీధి కుర్రాడు ఇక్కడే ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో బీకామ్ చేసి, ఆడిటర్ దగ్గర జీఎస్టీ రిటర్నులు వేస్తున్నాడు. మా అమ్మాయి ఇప్పుడు సాయంత్రాలు అతని దగ్గరే ఇంటర్ అకౌంటెన్సీ పుస్తకం మళ్లీ మొదటి నుంచి చదువుతోంది.

వచ్చే ఆదివారం మా బావమరిది కొడుకు కోసం ఇంకో కాలేజీ చూడటానికి వెళ్తున్నాం. ఆఫీసు రూమ్ తర్వాత. ముందు జిరాక్స్ షాపుకే వెళ్తాను.