పేరు లేని ‘పార్లర్ క్రీమ్’ డబ్బీలు కొనకండి – నల్లగొండ, పాలమూరు వాళ్లకు జాగ్రత్త హెచ్చరిక

పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే మన దగ్గర ముఖం తెల్లబడాలని రాసుకునే ఈ క్రీమ్ డబ్బీలకు గిరాకీ పెరుగుతుంది. ఫ్యాన్సీ షాపుల్లో, పార్లర్లలో, వాట్సాప్ గ్రూపుల్లో, ఒక్కోచోట మెడికల్ షాపుల్లో కూడా అమ్ముతున్నారు. "వారంల తెల్లగైతవ్ అక్కా, పక్కా" అంటారు. తెల్లబడేది నిజమే, భయపడాల్సింది కూడా దానికే. వారం పది రోజుల్లో ముఖం రంగు తేలిందంటే ఆ క్రీమ్‌లో స్టెరాయిడ్ గానీ, పాదరసం గానీ ఉందని అనుమానించాలి.

డబ్బీని చేతిలోకి తీసుకుని చూడండి. బొటనవేలంత ప్లాస్టిక్ డబ్బీ, మూత మీద బంగారు రంగు స్టిక్కర్. తయారీ లైసెన్స్ నంబర్ ఉండదు, బ్యాచ్ నంబర్ ఉండదు, చేసినవాళ్ల చిరునామా ఉండదు. కొన్నిటి మీద "వెండి, బంగారం, అల్యూమినియం తగలనీయకండి" అని రాసి ఉంటుంది. ఆ మాట కనిపిస్తే అక్కడే పెట్టేసి వచ్చేయండి, అది పాదరసం గుర్తు. క్రీమ్ వెలుతురు తగిలి బూడిద రంగుకు తిరుగుతున్నా అదే అనుమానం. మన దేశంలో ఫేస్ క్రీమ్‌లో పాదరసం కావాలని కలపకూడదు. పొరపాటున చేరినా పది లక్షల వంతుల్లో ఒక వంతు దాటకూడదు.

పాదరసం రంగునిచ్చే పదార్థాన్ని చర్మంలో తయారు కానివ్వదు, అందుకే మెరుపు వస్తుంది. కానీ అది చర్మంతో ఆగకుండా రక్తంలోకి దిగి కిడ్నీల్లో చేరుతుంది. కేరళలోని మలప్పురం జిల్లాలో 2021 జులై నుంచి 2023 సెప్టెంబర్ వరకు ఒక రకం కిడ్నీ జబ్బుతో వచ్చిన 22 మందిని డాక్టర్లు పరిశీలించారు. వాళ్లలో 15 మందికి నెల్-1 అనే ప్రొటీన్‌తో ముడిపడిన అరుదైన రకం కనబడింది. ఆ 15 మందిలో 13 మంది తెల్లబడే క్రీములు వాడినవాళ్లే. మూత్రంలో నురగ, పొద్దున లేవగానే కళ్ల కింద ఉబ్బు, సాయంత్రానికి పాదాల వాపు ఉంటే ఆలస్యం చేయకుండా మూత్రంలో ప్రొటీన్ పరీక్ష చేయించండి. తల్లి ముఖానికి రాసుకున్నది తువ్వాలు, దిండు గలీబు, ముద్దుల ద్వారా చంటిబిడ్డకూ చేరుతుంది.

ఇక స్టెరాయిడ్, అంటే చర్మం మీద ఎరుపు, వాపు తగ్గించే బలమైన మందు. మన దగ్గర ఎక్కువ ముఖాలు పాడయ్యేది దీనితోనే. రాసిన కొన్ని రోజులకే రక్తనాళాలు ముడుచుకుని ముఖం పాలిపోతుంది, మొటిమల ఎరుపు తగ్గుతుంది. అందుకే అందరూ నమ్ముతారు. నెలలు గడిచేకొద్దీ చర్మం పలచబడి బుగ్గల మీద సన్నని ఎర్ర నరాలు తేలతాయి, పెదవి పైన, చెంపల మీద నూగు మొలుస్తుంది, ఒకే సైజు మొటిమలు గుంపుగా వస్తాయి. ఒక్కరోజు ఆపితే మంట, ఎరుపు, దురద. మళ్లీ రాయగానే తగ్గుతుంది కాబట్టి "ఈ క్రీమే నాకు పడుతుంది" అనుకుంటారు. అది పడటం కాదమ్మా, చర్మం దానికి బానిస కావడం. పత్తి చేలల్లో, నాట్లలో ఎండకు పనిచేసే ఆడవాళ్లకు ఇంకా కష్టం, పలచబడ్డ చర్మం మన ఎండకు తట్టుకోదు. తామర మీద రాస్తే పైకి ఎరుపు తగ్గి లోపల పాకుతుంది. కళ్ల దగ్గర నెలల తరబడి రాస్తే కంట్లో ప్రెషర్ పెరగొచ్చు.

ట్యూబ్ మీద పేరుంటే మంచిదే అనుకోకండి. వెనక్కి తిప్పి చదవండి: క్లోబెటసాల్, బెటామెథాసోన్, మోమెటసోన్ కనిపిస్తే అది మందు, ఫేస్ క్రీమ్ కాదు. హైడ్రోక్వినోన్ 2 శాతం, ట్రెటినాయిన్ 0.025 శాతం, మోమెటసోన్ 0.1 శాతం కలిపిన ట్యూబ్ మంగు మచ్చలకు డాక్టర్లు కొద్ది వారాలకే, రాత్రిపూట మాత్రమే రాసేది. గర్భిణులు దాన్ని ముట్టకూడదు. హైడ్రోక్వినోన్ ఏళ్ల తరబడి వాడితే ముఖం మీద నీలి-నలుపు మచ్చలు దిగుతాయి, అవి పోవడం చాలా కష్టం. ఇలాంటి స్టెరాయిడ్ క్రీములను 2018లోనే షెడ్యూల్ హెచ్ కిందికి, అంటే డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుల జాబితాలోకి తెచ్చారు. చీటీ లేకుండా ఇస్తున్నారంటే ఆ దుకాణం తప్పు చేస్తున్నట్టే.

ఇప్పటికే వాడుతున్నవాళ్లు వినండి. పాదరసం అనుమానం ఉంటే ఈరోజే ఆపేయండి. స్టెరాయిడ్ నెలల తరబడి రాసి ఉంటే మీ అంతట మీరు ఆపకుండా ముందు చర్మ డాక్టర్‌కు చూపించండి. బలం తక్కువ మందుకు మార్చి, రోజు విడిచి రోజుకు తెచ్చి మాన్పిస్తారు. మంట తగ్గడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఆ మంటకు భయపడి మళ్లీ డబ్బీ తెరవకండి. ఈలోపు బ్లీచ్, ఫేషియల్, స్క్రబ్, నిమ్మరసం ఏదీ వద్దు. వాసన లేని మాయిశ్చరైజర్, పగలు ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్, బయటికి వెళ్తే తలమీంచి కొంగు చాలు. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో చూపించుకోవచ్చు. వెళ్లేటప్పుడు డబ్బీ వెంట తీసుకెళ్లండి, ఏం రాసుకున్నారో డాక్టర్‌కు దాచొద్దు.

డబ్బీని పారేయకండి. మూత బిగించి, ప్లాస్టిక్ కవర్లో కట్టి పిల్లలకు అందని చోట పెట్టండి. బిల్లు గానీ, ఫోన్‌పేలో డబ్బు కట్టిన స్క్రీన్‌షాట్ గానీ దాచుకోండి. తెలంగాణ ఔషధ నియంత్రణ శాఖ టోల్ ఫ్రీ నంబర్ 1800-599-6969 పని దినాల్లో పనిచేస్తుంది. ఫిర్యాదు చేసేటప్పుడు షాపు ఎక్కడుంది, ఏ తారీఖున కొన్నారు, ఎంతకు కొన్నారు అన్నది చెప్పండి.