ఏసీ అవుట్‌డోర్ యూనిట్ బిగింపు: బెజవాడ ఎండలో ఆరు వేసవుల వాడకం తర్వాత

ఏసీ కొనేటప్పుడు స్టార్లు, టన్నులు, కంపెనీ పేరు చూస్తాం. బయట పెట్టే యూనిట్ సంగతి మాత్రం బిగించడానికి వచ్చిన కుర్రాళ్లకే వదిలేస్తాం. వేసవిలో రోజుకు నాలుగైదు ఇళ్లు తిరిగే వాళ్లకు చెయ్యి ఎక్కడ తొందరగా అందితే అదే చోటు. అందుకే ఈ సమీక్ష ఏసీ గురించి కాదు, దాని బిగింపు గురించి. మాది ఒకటిన్నర టన్ను ఇన్వర్టర్ స్ప్లిట్, చల్లబరిచే గ్యాస్ ఆర్32, రాగి కాయిల్. మొదటి రెండు వేసవులు పడమటి సందులో, తర్వాత నాలుగు వేసవులు ఉత్తరం గోడ మీద నడిచింది. డాబా మీద ఇనుప స్టాండుపై ఒక టన్నుది ఇంకోటి ఉంది. సందులో ఉన్నన్నాళ్లూ మే నెల మధ్యాహ్నం మూడింటికి గది 27 నుంచి కిందికి దిగేది కాదు. చోటు మార్చాక అదే యంత్రం, అదే గదిని, అదే ఎండలో 24కి తెచ్చింది. గ్యాస్ లోటు లేదు, కంప్రెసర్ లోపమూ లేదు. లోపమంతా గాలి ఆడకపోవడమే.

యూనిట్ వెనక నుంచి గాలి పీల్చి ముందు నుంచి వదులుతుంది. వదిలే గాలి పీల్చే గాలి కంటే పది డిగ్రీల దాకా వేడిగా ఉంటుంది. విజయవాడ వన్‌టౌన్ సందుల్లో, గుంటూరు బ్రాడీపేట లైన్లలో రెండిళ్ల మధ్య మూడడుగుల జాగా ఉంటుంది. అందులో ఎదురెదురుగా రెండు యూనిట్లు పెడితే ఒకటి వదిలిన సెగనే రెండోది పీలుస్తుంది. బయట 44 ఉంటే సందులో 50 దాటుతుంది. స్టార్ లేబుల్ మీది లెక్క బయటి వేడి 24 నుంచి 43 డిగ్రీల మధ్య ఉంటుందని వేసుకున్నది. అంటే సందులో పెట్టిన ఐదు స్టార్ల ఏసీకి ఆ స్టార్లు వర్తించవు. ఆ వేడికి ఇన్వర్టర్ బోర్డు తనను తాను కాపాడుకోవడానికి కంప్రెసర్ వేగం తగ్గించేస్తుంది. చల్లదనం పోయింది కదా అని మెకానిక్‌ని పిలిస్తే గ్యాస్ నింపుతాడు. అసలే ఒత్తిడి ఎక్కువై అల్లాడుతున్న యంత్రంలో గ్యాస్ ఎక్కువైతే ఇంకా పాడవుతుంది.

కాబట్టి ముందు గాలి లెక్క. వెనక గోడకూ యూనిట్‌కూ మధ్య కనీసం 15 సెంటీమీటర్లు, వీలైతే అడుగు. ముందు వైపు మూడడుగులు ఖాళీ, పైన రెండడుగులు. వాల్వులు ఉండే కుడి పక్క రెండడుగులు వదలాలి. అది గాలి కోసం కాదు, స్పానర్ తిప్పే చేతి కోసం. ఉత్తరం గోడ దొరికితే అదృష్టం. పడమటి గోడే దిక్కయినా భయపడక్కర్లేదు, ఎండ కంటే గాలి అడ్డుపడటమే ఎక్కువ చేటు. నీడ కోసం రేకు వేస్తే యూనిట్‌కు రెండడుగుల పైన, నాలుగు పక్కలా తెరిచి వెయ్యాలి. బాల్కనీలో అందం కోసం చెక్క పట్టీల జాలీ బిగించి దాని వెనక యూనిట్ దాచడం మన అపార్ట్‌మెంట్లలో ఇప్పుడు ఎక్కువగా కనిపిస్తోంది. పట్టీల మధ్య సందు సన్నగా ఉంటే అది గోడ కిందే లెక్క.

సన్‌షేడ్ మీద పెట్టడం మాత్రం ఎవరు చెప్పినా ఒప్పుకోకండి. కిటికీ పైన వాన జల్లు ఆపడానికి పోసిన పలక అది, చివరికి వచ్చేసరికి రెండు మూడు అంగుళాల మందమే. పాత ఇళ్లలో లోపలి కమ్మీలు తుప్పు పట్టి ఉబ్బి, కింది పూత పెచ్చులు రాలుతుంటుంది. దాని మీద 30 కిలోల యూనిట్, పక్కన 70 కిలోల మనిషి. ఆ మనిషి పట్టుకోవడానికి అక్కడ ఏమీ ఉండదు. యూనిట్ ఏటా ఒకసారైనా విప్పాల్సినది కనుక, మెకానిక్ ఏటా ప్రాణం పణంగా పెట్టాల్సిన చోటు ఎంచుకున్నట్టే. చోటు చూసేటప్పుడు ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు: ఇక్కడ మనిషి రెండు చేతులూ వదిలి పని చెయ్యగలడా? కిటికీ లోంచో, బాల్కనీ లోంచో, నిచ్చెన సరిగ్గా ఆనే నేల మీద నుంచో చెయ్యి అందాలి. మూడో అంతస్తు బయటి గోడే గతి అయితే, భుజాలనూ తొడలనూ పట్టే సేఫ్టీ బెల్టు కట్టుకోకుండా పని మొదలుపెట్టనివ్వకండి. ఆ పావుగంట ఆలస్యానికి మెకానిక్ విసుక్కున్నా ఫర్వాలేదు.

కింద ఎవరు నడుస్తారో కూడా చూడాలి. 2024 ఆగస్టులో ఢిల్లీ కరోల్‌బాగ్‌లో ఇంటి ముందు స్కూటర్ మీద కూర్చున్న పద్దెనిమిదేళ్ల కుర్రాడి మీద పై నుంచి అవుట్‌డోర్ యూనిట్ పడి ప్రాణం పోయింది. గేటు మీద, మెట్ల మీద, పిల్లలు సైకిళ్లు పెట్టే చోటు మీద యూనిట్ వేలాడకూడదు. కరెంటు తీగల నుంచి అడ్డంగా కనీసం నాలుగడుగుల దూరం కావాలి. యూనిట్ ఒక్కటే కాదు, బిగించేటప్పుడు చేతిలో ఊగే మూడు మీటర్ల రాగి గొట్టం కూడా తీగకు తగలకూడదు.

ఇక గోడ. బ్రాకెట్ ఎంత గట్టిదైనా గోడ పట్టుకున్నంత వరకే. విజయవాడ చుట్టుపక్కల ఇబ్రహీంపట్నం థర్మల్ బూడిద పుణ్యమా అని ఫ్లైయాష్ ఇటుకలు ఎక్కువ. తొమ్మిది అంగుళాల ఫ్లైయాష్ గోడకు 10 మిల్లీమీటర్ల ఫాస్టనర్ బాగానే పడుతుంది, అయితే కనీసం 100 మిల్లీమీటర్ల పొడవుది కావాలి. పై పూత 15 నుంచి 20 మిల్లీమీటర్లు ఉంటుంది, దానికి పట్టు ఉండదు. ఇటుకల మధ్య అతుకులో కాకుండా ఇటుక మధ్యలో రంధ్రం పడాలి. కొత్త అపార్ట్‌మెంట్లలో వాడే తేలిక సిమెంటు బ్లాకులు, అదే ఏఏసీ గోడలు, వేరే సంగతి. ఫాస్టనర్ బిగించిన రోజు గట్టిగానే ఉంటుంది. కంప్రెసర్ అదురుకు బ్లాకు లోపల పొడి రాలి, ఏడాది తిరిగేసరికి వదులవుతుంది. అలాంటి గోడకు 12 మిల్లీమీటర్ల మరకడ్డీ ఇవతలి నుంచి అవతలికి దూర్చి, లోపలి వైపు అరచేతి వెడల్పు ఇనుప పలక వేసి నట్టు బిగించాలి. లేదా లింటెల్, బీమ్ ఉన్న ఎత్తు చూసుకుని కాంక్రీటులోకే దించాలి. డ్రిల్లుకు కమ్మీ తగిలితే దాన్ని కొయ్యకండి, రంధ్రం పక్కకు జరపండి.

ఏసీతో పాటు వచ్చిన రేకు బ్రాకెట్టు మొదట సందులో మూడో వాన చూడకముందే మూల వెల్డింగు దగ్గర ఉబ్బింది. ఉత్తరం గోడకు ఆటోనగర్‌లో 40 మిల్లీమీటర్ల యాంగిల్‌తో, 5 మిల్లీమీటర్ల మందంతో చేయించాం. రెడ్ ఆక్సైడ్ రెండు పూతలు, పైన ఎనామెల్. బోల్టులన్నీ స్టెయిన్‌లెస్ స్టీలు. యూనిట్ నాలుగు కాళ్ల కిందా రబ్బరు దిమ్మలు. నాలుగేళ్లకు యాంగిల్ మీద తుప్పు లేదు, రబ్బరు మాత్రం ఎండకు పగిలి మూడో ఏడు మార్చాల్సి వచ్చింది. బిగించిన రోజు ఒక చిన్న పని చేశాం, అది బాగా ఉపయోగపడింది. ప్రతి నట్టు మీది నుంచి బ్రాకెట్ మీదికి గోళ్ల రంగుతో ఒక గీత. ఏటా మార్చిలో చూస్తే గీత తెగి పక్కకు జరిగిన నట్టు వదులైనట్టు. కింద నిలబడి చూసినా తెలుస్తుంది. దానితో పాటు వాషర్ కింద గోడ మీద గోధుమ రంగు చార కారుతోందేమో చూడండి. ఆ చార కనిపించిందంటే నీళ్లు రంధ్రంలోకి పోయి లోపలి ఫాస్టనర్‌ని తింటున్నట్టే. బోల్టు బయటికి ఎంత మెరుస్తున్నా నమ్మకండి.

నేల మీద పెట్టేవాళ్లకు రెండు హెచ్చరికలు. గుంటూరు వైపు నల్లరేగడి నేల వేసవిలో బీటలు తీసి, వానకు ఉబ్బుతుంది. పైపైన పోసిన సిమెంటు దిమ్మె ఒరిగితే యూనిట్‌తో పాటు రాగి గొట్టాల మెడ కూడా వంగుతుంది, గ్యాస్ అక్కడే కారడం మొదలవుతుంది. రెండోది నీళ్లు. 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేటల్లో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. ఆ వైపు ఇల్లుంటే కింది అంతస్తు యూనిట్ కూడా మొదటి అంతస్తు ఎత్తులోనే ఉండాలి. మునిగిన యూనిట్‌ని ఎండబెట్టి స్విచ్ వేసి చూడటం ప్రమాదం. కంప్రెసర్ మూసిన డబ్బా కనుక బతకొచ్చు, కానీ బోర్డు, ఫ్యాను మోటారు, వైర్ల కొనలు విప్పి చూడకుండా కరెంటు ఇవ్వకూడదు.

డాబా మీద స్టాండుకు అడుగు ఎత్తు ఉంటే నేల సెగ, వాన నీళ్లు రెండూ తగలవు, కింద చీపురు కూడా ఆడుతుంది. శ్లాబుకు రంధ్రాలు పెడితే కింద గదికి చెమ్మ ఖాయం. విడిగా కాంక్రీటు దిమ్మెలు పోయించి, స్టాండుని వాటికి బిగించాలి. ఊరికే ఆనించి వదలకూడదు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు వీచిన గాలి లాంటిది మళ్లీ రాదని ఎవరూ చెప్పలేరు.

గొట్టాల పనిలో తొందరే అసలు శత్రువు. ఒకటిన్నర టన్నుకు సాధారణంగా పావు అంగుళం, అర అంగుళం గొట్టాలు వస్తాయి. మీటరున్నరలో పని అయిపోతుందన్నా మూడు మీటర్లకు తగ్గించకండి, తగ్గితే అదురూ మోతా గదిలోకి వస్తాయి. కంపెనీ నింపిన గ్యాస్ ఎంత పొడవుకు సరిపోతుందో మాన్యువల్‌లో ఉంటుంది. అది దాటితే మీటరుకు ఎన్ని గ్రాములో అదే పేజీలో చూసి, త్రాసు మీద తూచి ఎక్కించాలి. చేతి అంచనా పనికిరాదు. గొట్టాన్ని రంపంతో కాకుండా కట్టరుతో కొయ్యాలి. లోపలి అంచు గీకేటప్పుడు మూతి కిందికి ఉండాలి, లేకపోతే రాగి పొడి కంప్రెసర్‌లోకి పోతుంది. ఫ్లేర్ అంటే గంటలా విప్పార్చిన గొట్టం మూతి; దాన్ని పట్టే నట్టు రెండు స్పానర్లతో బిగించాలి, బిగింపు బలం పావు అంగుళానిది 15 నుంచి 18 న్యూటన్ మీటర్లు, అర అంగుళానిది 50 నుంచి 60. ఎక్కువ బిగిస్తే రాగి పలచబడి చిట్లుతుంది. గోడ రంధ్రం బయటికి వాలుగా ఉండాలి. గొట్టం లోపలికి వెళ్లేముందు కిందికి ఒక వంపు తిరగాలి. లేకపోతే వాన నీళ్లు దాని వెంటే గదిలోకి వస్తాయి.

తర్వాత వాక్యూమ్, అంటే గొట్టాల్లోని గాలినీ తేమనూ పంపుతో లాగేయడం. కొంచెం గ్యాస్ వదిలి గాలిని తోసేయడం పాత అలవాటు. ఆర్32కి అది కూడదు. అది అంటుకునే గుణమున్న గ్యాస్, పైగా గొట్టంలో మిగిలిన తేమ నూనెను పాడుచేస్తుంది. పంపు కనీసం 20 నిమిషాలు నడవాలి. ఒత్తిడి గేజీ ముల్లు మైనస్ 30 అంగుళాల దగ్గర నిలిచాక పంపు ఆపి, పది నిమిషాలు అలాగే చూడాలి. ముల్లు వెనక్కి జరిగితే ఎక్కడో కారుతోంది. పంపు తేకుండా వచ్చిన వాళ్లను తిప్పి పంపించండి. లీకు పరీక్షకు నైట్రోజన్ మాత్రమే వాడాలి. ఆక్సిజన్ సిలిండర్ తెచ్చి గొట్టాలకు తగిలిస్తామంటే అక్కడే ఆపండి. నూనె, ఆక్సిజన్, ఒత్తిడి ఒకచోట కలిస్తే కంప్రెసర్ బాంబులా పేలుతుంది.

కరెంటు సంగతి క్లుప్తంగా: ఫ్యూజు బోర్డు నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 20 ఆంపియర్ల ఎంసీబీ, నికరమైన ఎర్త్. లోపలి యూనిట్ నుంచి బయటికి వెళ్లే వైరులో మధ్యలో అతుకు ఉండకూడదు. టేపు చుట్టిన అతుకు ఎండకు వదులై, వానకు తడిసి కాలుతుంది.

వాడకంలో వచ్చిన ఇబ్బందుల్లో సగం యంత్రానివి కావు, ఊరివి. గుంటూరులో మిర్చి యార్డు, పత్తి మిల్లుల దగ్గర వెనక ఫిన్స్ (కాయిల్ మీది సన్నని రేకులు) మీద దుమ్ము, దూది పీచు దుప్పటిలా పేరుకుంటాయి. అక్కడ వేసవిలో పదిహేను రోజులకోసారి, మామూలు వీధిలో నెలకోసారి కడగాలి. ఎంసీబీ దించి, పది నిమిషాలు ఆగి, తోట పైపుతో మెల్లగా పోస్తే చాలు. కార్లు కడిగే జెట్ పెడితే ఫిన్స్ పడుకుపోతాయి. బోర్డు ఉన్న పై భాగానికి నీళ్లు కొట్టకూడదు. ఆ బోర్డు మీద బల్లి పడి షార్టవడం మన ఊళ్లలో తరచూ జరిగేదే. వైరు దూరే రంధ్రానికి పుట్టీ పెడితే ఆ ఖర్చు తప్పుతుంది. పావురాలు గూడు కట్టకుండా వెనక జాలీ వేస్తే, అర అంగుళం కంటే సన్నని కళ్లు వద్దు, గాలి ఆగిపోతుంది. గొట్టాల మీది నల్ల ఫోమ్ రెండు వేసవులకే పొడైంది. ఉత్తరం గోడ మీద దాన్ని పీవీసీ గొట్టంలో దాచాక ఇప్పటికీ మెత్తగా ఉంది. నట్ల చుట్టూ నూనె తడి, దానికి అంటిన దుమ్ము కనిపిస్తే గ్యాస్ అక్కడే పోతోందని అర్థం. సబ్బు నురగ రాసి చూశాకే గ్యాస్ మాట ఎత్తాలి.

సందు నుంచి గోడకు మార్చినప్పుడు గ్యాస్‌ని యూనిట్‌లోకి లాగి దాచారు. ఆ పని తెలిసినవాళ్లే చెయ్యాలి. సన్న గొట్టం వాల్వు మూసి, కంప్రెసర్ గ్యాస్‌ని లాగేశాక లావు గొట్టం వాల్వు మూసి, వెంటనే కంప్రెసర్ ఆపాలి. ఆపకుండా గొట్టం ఊడదీస్తే గాలి లోపలికి పోయి పేలుడు జరగొచ్చు. కొత్త చోట పాత ఫ్లేర్లు మళ్లీ వాడలేదు, కోసి కొత్తవి చేశారు. ఇప్పుడు మిగిలిన లోపం ఒక్కటే. ఉత్తరం గోడ మీద యూనిట్ తొమ్మిది అడుగుల ఎత్తులో ఉంది, కడగాలంటే నిచ్చెన కావాలి. వచ్చే మార్చిలో రబ్బర్లు మార్చేటప్పుడే బ్రాకెట్‌ని ఆరున్నర అడుగులకు దించుతాం.