కాంపోజిట్ అమెరికన్ ఫుట్‌బాల్: చంకన పెట్టుకుని పరుగెత్తేవాళ్లకి పనికొస్తుందా?

అమెరికన్ ఫుట్‌బాల్ కొనేవాళ్లు ముందు చూసేది అది ఎంత దూరం పోతుంది, గాలిలో ఎంత తిన్నగా తిరుగుతుంది అని. శ్రీకాకుళం, విజయనగరం గ్రౌండ్లలో కబడ్డీ ఆడే కుర్రాళ్లకి, సెలవులకి అమెరికా నుంచి వచ్చిన బావ చేతిలో ఈ బంతి చూసి మోజుపడ్డవాళ్లకి ఆ లెక్క పెద్దగా అక్కరకి రాదు. వాళ్లకి ముందే వచ్చిన విద్య విసరడం కాదు, నలుగురి మధ్య నుంచి తప్పించుకుపోవడం. ఆ ఆటలో ఆ పని చేసేవాడు రన్నింగ్ బ్యాక్. వాడికి బంతి చేతిలో ఎలా కూర్చుంటుందన్నదే మొదటి ప్రశ్న. ఆ లెక్కన చూస్తే మధ్యరకం ధరలో ఆన్‌లైన్‌లో దొరికే కాంపోజిట్ బంతి, అంటే సింథటిక్ తోలుది, మన వాతావరణానికి సరైన బేరం. అసలు తోలుది ఇక్కడ దండగ. రబ్బరుది చిన్నపిల్లలకి చాలు.

పెట్టె విప్పగానే టైలర్ టేపు తీయండి. అమెరికన్ ఫుట్‌బాల్ అని పేరు పెట్టి రగ్బీ బంతి అంటగట్టడం జరుగుతుంటుంది. రెండింటి పొడవూ దాదాపు ఒకటే కాబట్టి పొడవు చూస్తే తేడా తెలీదు. నడుము కొలవాలి. అమెరికన్ ఫుట్‌బాల్ నడుము చుట్టుకొలత 53.3 నుంచి 54 సెంటీమీటర్లు, ఐదో నంబరు రగ్బీ బంతిది 58 నుంచి 62. ఆ నాలుగు నుంచి ఎనిమిది సెంటీమీటర్ల లావే కొంప ముంచుతుంది. లావు బంతిని చంకన పెడితే మోచేయి పక్కటెముకలకి ఆనదు, సందు మిగిలిపోతుంది. రెండు మొనల మీదుగా చుట్టి కొలిస్తే నిలువు చుట్టుకొలత 71 నుంచి 72.4 ఉండాలి. బరువు 397 నుంచి 425 గ్రాములు. ఏ కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టినా తెలిసిపోతుంది. 380కి దిగితే మాట్లాడకుండా తిప్పి పంపండి.

తరవాత గాలి. బంతి చప్పగా వస్తుంది. అమెరికాలో ఈ ఆటకి పెద్ద ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్, దాని నిబంధన ప్రకారం గాలి ఒత్తిడి 12.5 నుంచి 13.5 పీఎస్ఐ ఉండాలి. బైకు ముందు టైరుకి కొట్టించేదాంట్లో ఇది సుమారు సగం. మన వైపు ఊరూరా వాలీబాల్ ఉంది కాబట్టి అందరి బొటనవేలికీ ఆ మెత్తదనమే అలవాటు. వాలీబాల్‌లో ఉండేది సుమారు నాలుగున్నర పీఎస్ఐ మాత్రమే. వేలితో నొక్కి "చాల్లే" అనుకుంటే ఈ బంతికి సగం గాలి కూడా పట్టి ఉండదు. అలాగని పంక్చర్ షాపు కంప్రెసర్ దగ్గరికి తీసుకెళ్లొద్దు. అక్కడి మీటరు టైర్ల కోసం పెట్టింది, 13 దగ్గర దాని ముల్లుని నమ్మలేం. గాలి ఒక్కసారిగా దూకి కుట్టు పిగులుతుంది. వాలీబాల్‌కి వాడే చేతిపంపు, సూది, వీలైతే తక్కువ పీఎస్ఐ చూపించే చిన్న గేజు ఉంటే సరిపోతుంది. సూదిని ఒక చుక్క గ్లిజరిన్‌తోనో, కనీసం నీళ్లతోనో తడిపి మెల్లగా తిప్పుతూ దించాలి. పొడి సూది గుచ్చితే వాల్వ్ రబ్బరు లోపలికి పోతుంది, ఇక బంతి పని అయిపోయినట్టే. చాలా బంతులు చచ్చేది ఆటలో కాదు, ఇలా మొదటి రోజునే.

ఎండని కూడా లెక్కలోకి తీసుకోవాలి. తెల్లారి 24 డిగ్రీల చల్లదనంలో 13 పీఎస్ఐ పెట్టి, మధ్యాహ్నం ఎండలో ఆపిన కారులో బంతిని వదిలేస్తే, లోపలి గాలి 45 డిగ్రీలకి చేరేసరికి ఒత్తిడి దగ్గర దగ్గర 15 అవుతుంది. రోజూ ఇదే జరిగితే నడుము ఉబ్బి బంతి రగ్బీ బంతి ఆకారానికి పోతుంది. పరుగెత్తే సాధనకి 12.5 దగ్గర పెట్టుకోవడం మేలు. మెత్తటి బంతి పట్టుకి సులువు. 2015లో న్యూ ఇంగ్లాండ్ పేట్రియాట్స్ జట్టు మీద బంతుల్లో గాలి తగ్గించారని గొడవ రేగి, ఆ జట్టులో బంతి విసిరే టామ్ బ్రేడీకి నాలుగు మ్యాచ్‌ల నిషేధం పడిందంటే ఆ ఒకటి రెండు పీఎస్ఐలకి ఎంత విలువ ఉందో అర్థం చేసుకోవచ్చు.

ఇక పట్టు. బంతి బాగుందా లేదా అన్నది తేలేది ఇక్కడే. దీనికి ఎన్‌ఎఫ్‌ఎల్ రన్నింగ్ బ్యాక్ టికీ బార్బర్ కెరీర్‌ని మించిన కొలబద్ద లేదు. 1975లో వర్జీనియాలోని రోనోక్‌లో పుట్టాడు. వర్జీనియా యూనివర్సిటీలో చదివి, 1997లో జట్లు కొత్త ఆటగాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్ రెండో రౌండులో న్యూయార్క్ జెయింట్స్‌కి ఎంపికై, పదేళ్లూ ఆ ఒక్క జట్టుకే ఆడాడు. కవల సోదరుడు రోండే బార్బర్ టాంపా బే జట్టుకి కార్నర్‌బ్యాక్, అంటే డిఫెన్స్ ఆటగాడు. టికీ పొడవు ఐదడుగుల పది అంగుళాలు, ఆ ఆటలో చూస్తే పెద్ద ఆకారం కాదు. వేగం ఉంది, చూపు ఉంది, బంతి మాత్రం చేతిలో నిలిచేది కాదు. 2000 నుంచి 2003 వరకు నాలుగు సీజన్లలో 35 ఫంబుల్స్, అంటే 35సార్లు బంతి చేజారింది. 2003లో 1,216 యార్డులు పరుగెత్తాడు గానీ తొమ్మిదిసార్లు బంతి జారవిడిచాడు. రన్నింగ్ బ్యాక్‌కి ఇంతకన్నా పెద్ద మచ్చ ఉండదు. ఎన్ని యార్డులు తెచ్చినా బంతి అవతలివాడికి ఇచ్చేస్తే కోచ్ బెంచీ మీద కూర్చోబెడతాడు.

2004లో టామ్ కాఫ్లిన్ హెడ్ కోచ్‌గా వచ్చాడు. ఆయనా, రన్నింగ్ బ్యాక్స్ కోచ్ జెరాల్డ్ ఇంగ్రమ్ కలిసి బార్బర్ చేత పట్టు మార్పించారు. అంతకుముందు అతను బంతిని నడుము దగ్గర, ఒంటికి కాస్త దూరంగా, అడ్డంగా పట్టుకునేవాడు. దాన్ని పైకి తెచ్చి నిలువుగా రొమ్ముకి అదిమిపెట్టించారు. మణికట్టు ఎప్పుడూ మోచేతి కన్నా ఎత్తులో ఉండాలి, మోచేయి పక్కటెముకల్ని వదలకూడదు. అంతే మార్పు. 2004లో ఫంబుల్స్ ఐదుకి దిగాయి. 2005లో 357 సార్లు బంతి మోసి 1,860 యార్డులు తెచ్చి, ఏడాది మొత్తం మీద ఒక్కసారే జారవిడిచాడు. 2006లో 1,662 యార్డులు. చివరి రెగ్యులర్ సీజన్ మ్యాచ్‌లో వాషింగ్టన్ మీద 234 యార్డులు కొట్టి జట్టు రికార్డు పెట్టాడు. 31 ఏళ్లకే మానేశాడు. మొత్తం 10,449 యార్డులు. అతను వెళ్లిపోయిన మరుసటి సీజన్‌కే జెయింట్స్ ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచింది. రాసిపెట్టి లేదంటే ఇదే. పట్టుతో పాటు న్యూజెర్సీలో పవర్‌లిఫ్టింగ్ కోచ్ దగ్గర బరువులెత్తి ఒళ్లు గట్టిచేసుకున్నాడు కూడా. కరణం మల్లీశ్వరి పెరిగిన జిల్లాలో ఆ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు.

కొన్న బంతిని ఆ పట్టులో పెట్టి చూడండి. వెనక మొన మోచేతి మడతలోకి వెళ్లాలి. ముందు మొన చూపుడువేలు, నడిమివేలు మధ్య ఇరుక్కోవాలి. అరచెయ్యి, ముంజేయి, దండ, రొమ్ము అన్నీ బంతికి తగులుతూ ఉండాలి. వేళ్లు ముందు మొనని దాటి కప్పగలిగితే సైజు సరిపోయినట్టు. మొన దగ్గరే ఆగిపోతే అఫీషియల్ సైజు వద్దు, 12-14 ఏళ్లవాళ్లకని చేసే యూత్ సైజు తీసుకోండి. పెద్ద సైజు కొంటే ఎదిగాక కూడా పనికొస్తుందని తల్లిదండ్రులు కొంటారు, చెప్పుల బేరంలా. అది ఇక్కడ పనిచెయ్యదు. అందని బంతితో నేర్చుకున్న పట్టు వంకరగా పడి, తరవాత సరిచేయడం కష్టమవుతుంది.

కాంపోజిట్ బంతి మీద గరుకు బొడిపెలు లోతుగా ఉన్నాయో లేదో గోటితో గీసి చూడాలి. చవక సరుకులో అవి అచ్చు వేసినట్టు పైపైనే ఉంటాయి, కొన్నాళ్లకే నున్నబడతాయి. కొత్త బంతికి పైన ఒక జారుడు పొర కూడా ఉంటుంది. తడిగుడ్డతో తుడిచి, మెత్తటి బ్రష్‌తో రుద్ది ఆరనిస్తే పోతుంది. కొబ్బరినూనె, పాలిష్ లాంటివి దగ్గరికి రానివ్వొద్దు.

సాధనకి ఇద్దరు చాలు. ఒకడు బంతి పట్టుకుని మామూలుగా నడుస్తాడు, రెండోవాడు వెనకే నడుస్తూ కింద నుంచి పైకి, వెనక నుంచి ముందుకి పిడికిలితో బంతిని పొడుస్తాడు. నడకలో జారకపోతే 20 మీటర్ల పరుగు. ఆ తరవాత కొబ్బరి పీచు కుక్కిన గోనెసంచితో పక్క నుంచి గుద్దించుకుంటూ పరుగు. కబడ్డీ రైడర్లకి ఇక్కడ ఒక చిక్కుంది. టచ్ కోసం రెండు చేతులూ చాపి ఉంచడం వాళ్లకి అలవాటు, వేగం అందుకోగానే మోచేయి దానంతటదే తెరుచుకుంటుంది. వెనక మొన దగ్గర వెలుతురు కనిపించిందంటే బంతి పోయినట్టే. చేయి మార్చేటప్పుడు రెండో పొరపాటు జరుగుతుంది. కొత్త చెయ్యి బంతిని పూర్తిగా కప్పకముందే పాత చెయ్యి వదిలేస్తారు. ముందు కొత్త చెయ్యి పైనుంచి వచ్చి మొనని మూయాలి, ఆ తరవాతే పాతది తీయాలి. మీదపడే మనిషి ఏ పక్కన ఉంటే బంతి దానికి అవతలి చేతిలో ఉండాలి. గుంపు మధ్యలోకి వెళ్తే రెండు చేతులూ బంతి మీదే.

మన ఉక్కపోతలో మూడు రకాల బంతులూ ఎలా ఉంటాయో చెప్పాలి. రబ్బరు బంతి చెమటకి సబ్బులా జారుతుంది. తోలుది పట్టుకి అన్నిటికన్నా మిన్న. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో వాడేది విల్సన్ కంపెనీ ఒహాయోలోని ఏడాలో కుట్టే తోలు బంతే. కానీ దాని ధర అమెరికాలోనే వంద డాలర్లు దాటుతుంది. పైగా కళింగపట్నం, బారువ లాంటి సముద్రపు తేమలో ఒక వానాకాలం వదిలేస్తే బూజు పడుతుంది, నీళ్లు పీల్చి బరువెక్కుతుంది. కాంపోజిట్‌కి ఈ రెండు జబ్బులూ తక్కువ. చెమటపడితే పొడి తువ్వాలుతో తుడిచి ఆడొచ్చు. తడిస్తే ఎండలో కాకుండా నీడలో ఆరేయాలి.

దానికి అసలు శత్రువు పల్లేరుకాయ. ఎండాకాలం ఎర్రమట్టి గ్రౌండ్లలో ఆ ముల్లు పైపొరని దాటి లోపలి గాలితిత్తిని, అంటే బ్లాడర్‌ని అందుకుంటుంది. అందుకే కొనేటప్పుడే లేసు విప్పి బ్లాడర్ మార్చుకునే వీలుందా అని వివరాల్లో చూసుకోవాలి. కుట్టిన బంతుల్లో లేసు విప్పి బ్లాడర్ బయటికి తీయొచ్చు. చెప్పులు కుట్టే మనిషి చేత మళ్లీ లేసు బిగించుకోవచ్చు, విప్పేముందు అల్లిక తీరుని ఫోన్లో ఫోటో తీసి పెట్టుకుంటే చాలు. ఒకే ముద్దగా అచ్చుపోసిన రబ్బరు బంతికి ఆ దారి లేదు. పంక్చర్ పడితే పారేయడమే.

శ్రీకాకుళం, విజయనగరం రెండు జిల్లాల్లోనూ మామూలు స్పోర్ట్స్ షాపుల్లో క్రికెట్, వాలీబాల్, షటిల్ సరుకే ఎక్కువ కాబట్టి ఈ బంతిని తెప్పించుకోక తప్పదు. వచ్చిన రోజే 13 దాకా గాలి కొట్టి, రాత్రంతా ఒక మూల పెట్టి, పొద్దున్న మళ్లీ గేజు పెట్టి చూడండి. ఒక పీఎస్ఐ కన్నా ఎక్కువ తగ్గితే వాల్వ్ దగ్గర సబ్బునీళ్లు వేయండి. బుడగలు వస్తే తిప్పి పంపే గడువు దాటకముందే పంపేయండి.