ఆరోగ్య విద్య పీజీ: ఏఎన్‌ఎం ఉద్యోగం చేస్తూ చదివాక చెబుతున్న మాట

చిత్తూరు దగ్గర ఏఎన్‌ఎంగా చేస్తూ 2019లో దూరవిద్యలో సామాజిక ఆరోగ్య విద్య పీజీకి కట్టాను. రెండేళ్ల కోర్సు. కరోనా డ్యూటీలు, వాయిదా పడ్డ పరీక్షలు, సంతకాల కోసం తిరుగుళ్లు అన్నీ అయ్యి పట్టా చేతికొచ్చేసరికి 2022 చివరికొచ్చింది. క్లాసులు, పరీక్షలు తిరుపతిలో. చేరినప్పుడు తిరుపతి మా జిల్లాలోదే. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక ఆఖరి పరీక్షలు పక్క జిల్లాకు పోయి రాసినట్టయింది. యూనివర్సిటీ పేరు చెప్పను, తిట్టాల్సింది కూడా కొంత ఉంది కాబట్టి.

అందరూ ముందు అడిగేది డబ్బు, ఉద్యోగం గురించే. ఫీజులు, బస్సు చార్జీలు, ప్రాజెక్టు బైండింగుతో కలిపి నాకు డెబ్బై వేలు దాటింది. జీతం రూపాయి పెరగలేదు, సర్వీసు రిజిస్టరులో ఒక లైను పెరిగింది. హెల్త్ ఎడ్యుకేటర్ పోస్టు పడుతుందని ఆశపడి చేరేవాళ్లు పాత నోటిఫికేషన్లు తీసి, అర్హత కింద ఏ డిగ్రీ అడిగారో చదివి చేరండి. ఇంకొకటి, 2025 జులై–ఆగస్టు అడ్మిషన్ల నుంచి ఆరోగ్య రంగానికి చెందిన చాలా కోర్సులను దూరవిద్యలో నడపొద్దని యూజీసీ చెప్పింది. మీరు చూస్తున్న కోర్సుకు ఈ ఏడాది అనుమతి ఉందో లేదో యూజీసీ జాబితాలో మీ కళ్లతో చూశాకే ఫీజు కట్టండి. ఏజెంటు మాట నమ్మొద్దు.

మెటీరియల్ అంతా ఇంగ్లిష్. అదీ ఒక వాక్యం నాలుగు లైన్లు సాగే ఇంగ్లిష్. నేను బీఏ తెలుగు మీడియంలో ప్రైవేటుగా కట్టి పాసైనదాన్ని. మొదటి ఆరు నెలలు పుస్తకం తెరిస్తే ఏడుపే. తర్వాత ఒక అలవాటు చేసుకున్నాను. ప్రతి పెద్ద మాటకూ పక్కన పెన్సిలుతో మా ఊళ్లో అర్థమయ్యే తెలుగు రాసుకోవడం. 'సెల్ఫ్ ఎఫికసీ' పక్కన 'నా వల్ల అవుతుందిలే అనే ధైర్యం' అని రాసుకున్నా. అలా రాసుకున్నవన్నీ ఇప్పటికీ గుర్తున్నాయి. ఒట్టావా చార్టర్ (జనం ఆరోగ్యం పెంచడం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సభలో చేసిన ప్రకటన) 1986, అందులో ఐదు అంశాలు అని బట్టీ పట్టినవి మాత్రం పరీక్ష హాల్లోనే వదిలేసి వచ్చాను.

కాంటాక్ట్ క్లాసులు ఆదివారాలు. పొద్దున్నే చిత్తూరులో బస్సెక్కితే తిరుపతికి సుమారు డెబ్బై కిలోమీటర్లు. సాయంత్రం తిరుగుబస్సు నిండా గుండ్లు, లడ్డూ సంచులు. పూతలపట్టు దాకా నిలబడి వచ్చిన రోజులే ఎక్కువ. ఇంత కష్టపడి పోతే చాలా క్లాసుల్లో తెర మీద ఉన్నది చదివి వినిపించేవాళ్లు.

ఒక్క క్లాసు మాత్రం మరిచిపోలేను. ఆ రోజు సారు క్షయ గురించి చెబుతూ మదనపల్లె పక్కనున్న ఆరోగ్యవరం శానిటోరియంతో మొదలుపెట్టారు. ఒకప్పుడు రోగులు నెలల తరబడి ఇల్లు వదిలి మంచి గాలి, మంచి తిండి కోసం అక్కడ ఉండేవాళ్లు. 1950ల్లో మద్రాసులో ఒక పరిశోధన జరిగింది. కొందరికి శానిటోరియంలో, కొందరికి ఇంట్లోనే మందులు ఇచ్చి చూశారు. 1959లో ఫలితం వచ్చింది. ఇంట్లో ఉన్నవాళ్లకూ దాదాపు అంతే నయమైంది, వాళ్ల ఇంట్లోవాళ్లకు జబ్బు ఎక్కువగా అంటుకోనూ లేదు. "అప్పటినుంచి మాత్ర మింగించే బాధ్యత ఎవరి మీద పడింది?" అని సారు మమ్మల్ని చూశారు. నేను నెలనెలా మాత్రల డబ్బాలు మోసుకుపోయేదాన్ని, ఆ పని వెనుక ఇంత కథ ఉందని అప్పుడే తెలిసింది.

ఇక ప్రాజెక్టు. కోర్సు మొత్తంలో నాకు డబ్బు గిట్టింది ఇక్కడే. బంగారుపాళ్యం వైపు ఒక ఊళ్లో డెంగీ మీద చేశాను. జూన్‌లో మొదలుపెట్టడం నా తెలివితక్కువ పని. మామిడికాయల కాలం, ఆడవాళ్లు ఒక్కరూ ఇంట్లో దొరకలేదు. ఆగస్టులో మళ్లీ పోయాను. డెంగీ ఎలా వస్తుందంటే ఇంటింటా "దోమ" అని టక్కున చెప్పారు. వాకిట్లో చూస్తే మూత లేని డ్రమ్ములు.

ప్రతి శుక్రవారం డ్రై డే, డ్రమ్ములు వంచేయండి అని ఏళ్ల తరబడి చెప్పింది నేనే. వాళ్లు తలూపేవాళ్లు. ఈసారి ఎనిమిదిమందిని అరుగు మీద కూర్చోబెట్టి మాట్లాడించాలి, నేను సలహా ఇవ్వకూడదు. ఫోకస్ గ్రూప్ అనే ఈ పద్ధతిలో అది నియమం. నోరు మూసుకుని కూర్చోవడం ఎంత కష్టమో! పావుగంటకు ఒక పెద్దావిడ అందుకుంది. "నువ్వు చెప్పేది మాకు తెలీక కాదు మేడమ్మా. శుక్రవారం పారబోయమంటావు. కుళాయి వచ్చేది ఆదివారం. ఆ రెండునాళ్లు బిడ్డ గుడ్డలు దేంతో ఉతకాల?"

దానికి నా దగ్గర జవాబు లేదు. జనం ఉచిత క్షయ ఎక్స్‌రేకు ఎందుకు రావడం లేదని 1950ల్లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు ఆలోచించి కట్టిన సిద్ధాంతంలో 'అడ్డంకులు' అని ఒక గడి ఉంటుంది. పరీక్షలో దానికి నాకు మంచి మార్కులే వచ్చాయి. ఆ గడిలో రాయాల్సింది ఈవిడ మాటేనని ఆ అరుగు మీద అర్థమైంది.

దోమ గుడ్డు పెద్ద దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. అంటే వారానికోసారి కడిగితే చాలు, శుక్రవారమే కానక్కర్లేదు. కుళాయి వచ్చే ముందు, డ్రమ్ము అడుగంటినప్పుడు కడగండి అన్నాం. డెంగీ తెచ్చే ఈడిస్ దోమ గుడ్లను నీటి గీతకు కాస్త పైన డ్రమ్ము గోడకు అంటిస్తుంది. ఎండినా అవి నెలలు బతుకుతాయి. అందుకని ఊరికే నీళ్లు తిప్పి పారబోస్తే చాలదు, కొబ్బరిపీచుతో రుద్దాలి. మూత సంగతి వాళ్లే తేల్చారు. పాత చీర ముక్క కప్పి, పైన సైకిల్ ట్యూబు బిగించారు. ఇప్పుడూ ఆ వీధిలో చాలా డ్రమ్ములకు ఆ ట్యూబులు ఉన్నాయి. కొన్నిటికి లేవు.

అదే ప్రాజెక్టు మీద సంతకానికి గైడు నన్ను ఐదు నెలలు తిప్పారు. రెండు అసైన్‌మెంట్లు స్టడీ సెంటర్లో పోయాయి, జిరాక్స్ ఉంది కాబట్టి బతికాను. ఏ కాగితం ఇచ్చినా కాపీ ఉంచుకుని, రసీదు మీద ముద్ర వేయించుకోండి.

పోయిన నెల మా పక్క సబ్ సెంటర్ అమ్మాయి తనూ చేరతానని పుస్తకాలు అడిగింది. పెన్సిలు రాతలున్న రెండు పుస్తకాలు, ప్రాజెక్టు కాపీ ఇచ్చాను. మిగతావి అటక మీద ఉన్నాయి, కావాలంటే వచ్చి దింపుకోమన్నాను. ఇంకా రాలేదు.